యుద్ధకాలపు ప్రేమకథా చిత్రం – విమర్శకుల స్పందన : ‘కంచె’ (2015)

భాగం - 9

విషయక్రమం
9.0 లక్ష్యాలు
9.1 పరిచయం
9.2 యుద్ధకాలపు ప్రేమకథ : ప్రధాన లక్షణాలు
9.3 ‘కంచె’ : నిర్మాణం, ఇతివృత్తం
9.4 చారిత్రక నేపథ్యం
9.5 విమర్శకుల స్పందన
9.6 సమీక్ష ఆగిన చోట విమర్శ
9.7 పోలిక : ‘సీతారామం’ (2022)
9.8 సారాంశం
9.9 కీలక పదాలు
9.10 మీ ప్రగతిని సరిచూసుకోండి
9.11 మాదిరి పరీక్షా ప్రశ్నలు

9.0 లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరువాత మీరు
• యుద్ధకాలపు ప్రేమకథా చిత్రాల ప్రధాన లక్షణాలను వివరించగలుగుతారు.
• ‘కంచె’ ఇతివృత్తాన్ని దాని చారిత్రక నేపథ్యంతో కలిపి అర్థం చేసుకోగలుగుతారు.
• ఆ చిత్రాన్ని విమర్శకులు ఎందుకు మెచ్చుకున్నారో, ఎక్కడ అభ్యంతరం చెప్పారో తెలుసుకుంటారు.
• సినిమా సమీక్షకూ, సినిమా విమర్శకూ ఉన్న తేడాను గుర్తించి, మీ సొంత అభిప్రాయాన్ని కారణాలతో రాయగలుగుతారు.

9.1 పరిచయం

సినిమా విడుదలైన రోజు మధ్యాహ్నానికే సమీక్షలు వచ్చేస్తాయి. తాడిమర్రి నుంచి ధర్మవరం వెళ్ళి సినిమా చూడదలచిన ప్రేక్షకుడికి బస్సు చార్జీ, టికెట్టు, ఒక పూట పని, ఈ మూడూ ఖర్చే. “వెళ్ళవచ్చా, వద్దా?” అన్న అతని ప్రశ్న న్యాయమైనది. సమీక్ష ఆ ప్రశ్నకు జవాబు చెబుతుంది. అది చిన్న పనేమీ కాదు.

అయితే సాహిత్య విద్యార్థిగా మీరు వేయవలసిన ప్రశ్న ఇంకొకటి ఉంది. “ఈ సినిమా ఏం చెబుతున్నది? చెప్పదలచినది చెప్పగలిగిందా?” అన్నది ఆ ప్రశ్న. దీనికి విడుదలనాటి సమీక్షలో జవాబు కొంతే దొరుకుతుంది. మిగిలినది మనం వెతుక్కోవాలి. ఈ భాగంలో క్రిష్ దర్శకత్వం వహించిన ‘కంచె’ను ఉదాహరణగా తీసుకుని ఆ వెతుకులాట ఎలా సాగాలో చూద్దాం. ప్రేమ, యుద్ధం, కులం మూడూ ఒకే కథలో కలిసిన చిత్రం ఇది. అందుకే దీని గురించి విమర్శకులు ఏమన్నారన్నది ఎంత ముఖ్యమో, వారు ఏ కొలమానంతో కొలిచారన్నదీ అంతే ముఖ్యం.

9.2 యుద్ధకాలపు ప్రేమకథ : ప్రధాన లక్షణాలు

యుద్ధం నేపథ్యంగా వచ్చిన ప్రేమకథలు ప్రపంచ సినిమాలో ఎన్నో ఉన్నాయి. 1942లో రెండవ ప్రపంచ యుద్ధం జరుగుతుండగానే అమెరికాలో ‘కాసాబ్లాంకా’ వచ్చింది. 1957లో సోవియట్ దర్శకుడు మిఖాయిల్ కలటోజోవ్ తీసిన ‘ద క్రేన్స్ ఆర్ ఫ్లయింగ్’ మరుసటి ఏడాది కాన్ చలనచిత్రోత్సవంలో అత్యున్నత పురస్కారం పొందింది. మన దేశంలో 1962 నాటి చైనా యుద్ధం నేపథ్యంగా చేతన్ ఆనంద్ 1964లో ‘హకీకత్’ తీశారు. ఇలాంటి చిత్రాల్లో సాధారణంగా కనిపించే లక్షణాలు ఇవి:

1. ఎడబాటు : ప్రేమికులను విడదీసేది ఒక వ్యక్తి కాదు, కాలం. కథలో వేరే ప్రతినాయకుడు ఉన్నా, యుద్ధం అతనికంటే పెద్ద శక్తిగా నిలుస్తుంది.

2. ఉత్తరం : దూరాన ఉన్న ఇద్దరి మధ్య వారధి ఉత్తరమే. అది ఆలస్యంగా చేరడం, చేరకపోవడం, మరొకరి చేతిలో పడడం కథను మలుపు తిప్పుతాయి.

3. రెండు కాలాలు : కథ యుద్ధభూమిలోని వర్తమానానికీ, ఊరిలోని గతానికీ మధ్య అటూ ఇటూ కదులుతుంది.

4. సొంత సుఖమా, పరుల ప్రాణమా : నాయకుడో, నాయికో ఒక దశలో తన ప్రేమకూ, ముక్కుమొహం తెలియని మనుషుల ప్రాణాలకూ మధ్య ఒకదాన్ని ఎంచుకోవలసి వస్తుంది.

ఈ లక్షణాలు ఉన్నంత మాత్రాన సినిమా మంచిదైపోదు. విమర్శకుడు అడగవలసిన మొదటి ప్రశ్న ఇది: ఈ ప్రేమకథకు యుద్ధం అవసరమా? యుద్ధాన్ని తీసివేసి, దాని స్థానంలో ఒక రైలు ప్రమాదాన్నో, దూరదేశపు ఉద్యోగాన్నో పెడితే కథ అలాగే నిలబడితే, అక్కడ యుద్ధం అలంకారం మాత్రమే. నిలబడకపోతే యుద్ధం కథలో భాగం. ‘కంచె’ను ఈ గీటురాయి మీద పెట్టి చూద్దాం.

9.3 ‘కంచె’ : నిర్మాణం, ఇతివృత్తం

‘గమ్యం’ (2008), ‘వేదం’ (2010), ‘కృష్ణం వందే జగద్గురుమ్’ (2012) చిత్రాల తరువాత క్రిష్ తెలుగులో తీసిన చిత్రం ‘కంచె’. 2015 అక్టోబర్ 22న, విజయదశమి నాడు విడుదలైంది. ఫస్ట్ ఫ్రేమ్ ఎంటర్‌టైన్‌మెంట్స్ పతాకంపై వై. రాజీవ్ రెడ్డి, జె. సాయిబాబు నిర్మించారు. ధూపాటి హరిబాబుగా వరుణ్ తేజ్, సీతాదేవిగా ప్రగ్యా జైస్వాల్, ఆమె అన్న ఈశ్వర్ ప్రసాద్‌గా నికితిన్ ధీర్ నటించారు. కథానాయకుడిగా వరుణ్ తేజ్‌కు ఇది రెండవ చిత్రమే. మాటలు సాయిమాధవ్ బుర్రా, పాటలు సిరివెన్నెల సీతారామశాస్త్రి, సంగీతం చిరంతన్ భట్, ఛాయాగ్రహణం జ్ఞానశేఖర్. యుద్ధ సన్నివేశాలను జార్జియా దేశంలో చిత్రీకరించారు.

కథ రెండు పాయలుగా సాగుతుంది. మొదటి పాయ 1930లలో మద్రాసులోనూ, దేవరకొండ అనే గ్రామంలోనూ నడుస్తుంది. చదువుకునే రోజుల్లో హరిబాబు, సీతాదేవి ప్రేమించుకుంటారు. ఆమెది ఊరిని ఏలిన కుటుంబం. అతనిది ఊరు తక్కువగా చూసే కులం. ఈశ్వర్ ఈ ప్రేమను ఒప్పుకోడు. ఇద్దరి ప్రేమ ఊరి కలహంగా మారుతుంది. ఊరి మధ్య కంచె లేస్తుంది. చివరికి ఆ పగకు సీత బలి అవుతుంది.

రెండవ పాయ 1944లో ఇటలీలో నడుస్తుంది. హరిబాబు, ఈశ్వర్ ఇద్దరూ బ్రిటిష్ ఇండియన్ సైన్యంలో ఉన్నారు. ఈశ్వర్ పై అధికారి. జర్మన్ సైన్యం చేతిలో ఈశ్వర్ బందీ అయినప్పుడు, తనను ద్వేషించే ఆ మనిషిని కాపాడవలసిన బాధ్యత హరిబాబు మీద పడుతుంది. ఆ దారిలోనే నాజీల జాతిద్వేషానికి బలి కాబోతున్న ఒక పసిబిడ్డ, కొందరు ఇటలీ పల్లెజనం ఎదురవుతారు. వారికోసం హరిబాబు ప్రాణమిస్తాడు. అతను సీతకు రాసి పంపని ఉత్తరాలు ఈశ్వర్ చేతికి వస్తాయి. ఈశ్వర్ మారతాడు. ఊళ్ళోని కంచె తొలగుతుంది.

పేరు గురించి ఒక మాట. కోస్తాలో ‘దడి’ అన్నా, మన సీమలో ‘కంప’ అన్నా, పని ఒకటే. చేనికి కంప వేసేది పంటను పశువు మేయకుండా కాపాడుకోవడానికి. అంటే కంచె పుట్టుకలో ద్వేషం లేదు, రక్షణ ఉంది. మనిషికీ మనిషికీ మధ్య కంచె వేసేవారు కూడా “మావాళ్ళను కాపాడుకోవడానికే” అంటారు. ఊరి కంచె వేసినవాడూ, జాతి శుద్ధి పేరుతో మనుషులను చంపినవాడూ చెప్పే కారణం ఒకటే అన్నది ఈ చిత్రం చేసిన ప్రతిపాదన. సినిమా మొత్తం ఈ ఒక్క పోలిక మీదనే నిలబడి ఉంది.

9.4 చారిత్రక నేపథ్యం

ఈ పోలికకు చరిత్రలో ఆధారం ఉందా? ఉంది. తేదీలను పక్కపక్కన పెట్టి చూడండి.

1935 సెప్టెంబర్ 15న జర్మనీలో న్యూరెంబర్గ్ చట్టాలు వచ్చాయి. యూదులకూ, జర్మన్ రక్తం గలవారుగా చట్టం లెక్కించినవారికీ మధ్య వివాహాలను అవి నిషేధించాయి. మరుసటి ఏడాది, 1936లో, డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ లాహోర్‌లో చేయవలసిన ప్రసంగాన్ని నిర్వాహకులు రద్దు చేయగా, ఆయన దానిని ‘కులనిర్మూలన’ పేరుతో మనకు తెలిసిన పుస్తకంగా అచ్చువేశారు. కులం పోవాలంటే కులాంతర వివాహాలు ముఖ్యమైన మార్గమని అందులో వాదించారు. అంటే సీత, హరిబాబులు ప్రేమించుకున్న ఆ దశాబ్దంలోనే ఒక దేశం పెళ్ళికి గోడ కడుతూ చట్టం చేసింది. మరొక దేశంలో పెళ్ళితో గోడ పగలగొట్టాలని ఒక మేధావి రాశాడు.

మన దేశంలో పరిస్థితి ఏమిటి? సంప్రదాయ హిందూ పద్ధతిలో జరిగిన కులాంతర వివాహాలు చట్టం ముందు చెల్లుతాయా అన్న సందేహాన్ని సాధారణ చట్టంగా తొలగించినది 1949 నాటి హిందూ వివాహాల చెల్లుబాటు చట్టం. ప్రత్యేక వివాహ చట్టం 1954లో వచ్చింది. కాబట్టి సినిమాలోని జంటకు ఊరి అండ లేకపోవడమే కాదు, చట్టం అండ కూడా బలంగా లేదు.

యుద్ధం సంగతి చూద్దాం. రెండవ ప్రపంచ యుద్ధంలో 25 లక్షల మంది భారతీయులు సైన్యంలో పనిచేశారు. ఇటలీలో 4వ, 8వ, 10వ భారత డివిజన్లు పోరాడాయి. సుమారు 50 వేల మంది మనవారు అక్కడ ఉన్నారు. 5,700 మందికి పైగా తిరిగి రాలేదు. 1944లో ఇటలీ పౌరుల మీద నాజీ దళాలు జరిపిన ఊచకోతలు కూడా చరిత్రలో నమోదైనవే. ఆ ఏడాది ఆగస్టు 12న సాంత్ అన్నా ది స్తజ్జేమా అనే కొండపల్లెలో వందలాది స్త్రీలను, పిల్లలను, వృద్ధులను చంపారు. యుద్ధం తెలుగు నేలకూ దూరంగా లేదు. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేశాయి.

ఒక చోట మాత్రం చిత్రం చరిత్రకంటే కథ వైపు మొగ్గింది. ఆనాటి సైన్యంలో పై హోదాల్లో భారతీయులు చాలా తక్కువ. ఒక బెటాలియన్‌కు నాయకత్వం వహించే అవకాశం భారతీయుడికి దక్కడం 1942లో కె.ఎం. కరియప్పతో మొదలైంది. అందువల్ల ఈశ్వర్ వంటి ఉన్నతాధికారి 1944లో ఉండడం అసాధ్యం కాకపోయినా అరుదు. ఊరిలోని పై కులాన్ని సైన్యంలోని పై హోదాగా చూపడానికి కథకుడు తీసుకున్న స్వేచ్ఛ అది. ఇలాంటి స్వేచ్ఛ తప్పా ఒప్పా అని కాక, దానివల్ల కథకు ఏం ఒనగూడిందని అడగడం మంచి పద్ధతి.

9.5 విమర్శకుల స్పందన

9.5.1 మెచ్చుకున్న అంశాలు

విడుదలైనప్పుడు తెలుగు, ఇంగ్లీషు సమీక్షలలో ఎక్కువ భాగం చిత్రాన్ని మెచ్చుకున్నాయి. ఆ మెచ్చుకోలు ముఖ్యంగా నాలుగు అంశాల చుట్టూ తిరిగింది. ఒకటి, విషయ ఎంపిక. రెండవ ప్రపంచ యుద్ధాన్ని నేపథ్యంగా తీసుకున్న తెలుగు చిత్రాలు బహు అరుదు. ఆ సాహసాన్ని గుర్తించారు. రెండు, పెద్ద హంగులు లేని పరిమితుల్లో యుద్ధ సన్నివేశాలను నమ్మదగిన రీతిలో తీయడం, జ్ఞానశేఖర్ ఛాయాగ్రహణం. మూడు, సాయిమాధవ్ బుర్రా సంభాషణల పదును. నాలుగు, వరుణ్ తేజ్ నటనలో కనిపించిన ఎదుగుదల.

9.5.2 అభ్యంతరాలు

మెచ్చుకున్నవారే కొన్ని లోపాలూ చూపారు. కథనం నెమ్మదిగా ఉందన్నారు. యుద్ధానికీ, ఊరికీ మధ్య పదేపదే మారడం వల్ల భావోద్వేగం తెగిపోతున్నదన్న మాట వినిపించింది. మామూలు ప్రేక్షకుడు కోరుకునే వినోదం తక్కువన్నారు.

ఈ అభ్యంతరాలను రెండు రకాలుగా విడదీయాలి. “రెండు పాయలు సరిగా అతకలేదు” అన్నది నిర్మాణం గురించిన విమర్శ. చిత్రంలోని ఫలానా సన్నివేశం చూపి దానిని నిరూపించవచ్చు, ఖండించవచ్చు. “వినోదం తక్కువ” అన్నది మార్కెట్టు గురించిన అంచనా. అది చిత్రం గుణాన్ని గురించి ఏమీ చెప్పదు. ఒకే పేరాలో ఈ రెండూ కలిసి వచ్చినప్పుడు చదువరి రెండవదాన్ని కూడా మొదటిదానిలాగే లోపంగా లెక్క వేసుకుంటాడు. సమీక్షలు చదివేటప్పుడు మీరు గమనించవలసినది ఇదే.

అటూ ఇటూ మారే కథనం మీద వచ్చిన అభ్యంతరాన్ని కొంచెం పరీక్షిద్దాం. కథను వరుసగా, ముందు ప్రేమ, తరువాత యుద్ధం అన్నట్లు చెప్పి ఉంటే ఏమయ్యేది? భావోద్వేగం తెగేది కాదు, నిజమే. కాని దేవరకొండ కంచెనూ, ఇటలీలోని ముళ్ళతీగనూ ప్రేక్షకుడు పక్కపక్కన చూడగలిగేవాడు కాదు. పోలికే ప్రాణమైన కథకు ఆ కుదుపు కొంత తప్పదు. 9.2లో వేసుకున్న ప్రశ్నకు కూడా ఇక్కడే జవాబు దొరుకుతుంది. ‘కంచె’ నుంచి యుద్ధాన్ని తీసివేస్తే పోలిక పోతుంది. పోలిక పోతే మిగిలేది మనం చాలాసార్లు చూసిన పేద - ధనిక ప్రేమకథ. కాబట్టి ఈ చిత్రంలో యుద్ధం అలంకారం కాదు.

9.5.3 పురస్కారం

63వ జాతీయ చలనచిత్ర పురస్కారాలలో 2015 సంవత్సరానికి ఉత్తమ తెలుగు చిత్రంగా ‘కంచె’ ఎంపికైంది. అదే ఏడాది ‘బాహుబలి’ మొదటి భాగం జాతీయ ఉత్తమ చిత్రంగా నిలిచింది. ఒకే ఏడాది తెలుగులో యుద్ధం రెండు విధాలుగా తెరకెక్కిందన్నమాట. ఒకటి కల్పిత రాజ్యాల జానపద యుద్ధం. రెండవది మనవారు నిజంగా పాల్గొని, మనం మరచిపోయిన యుద్ధం.

9.6 సమీక్ష ఆగిన చోట విమర్శ

సమీక్షకు స్థలమూ తక్కువే, సమయమూ తక్కువే. కథ ముగింపు చెప్పకూడదన్న మర్యాద కూడా దానికి ఉంది. అందువల్ల ముగింపును గురించిన అసలు ప్రశ్న చాలావరకు సమీక్షకు అందదు. ఆ ప్రశ్న ఇది: కంచె తొలగడానికి ఎవరు మూల్యం చెల్లించారు?

కంచె వేయించిన ఈశ్వర్ బతికాడు. కంచె వల్ల నష్టపోయిన సీత చనిపోయింది, హరిబాబు చనిపోయాడు. అణచినవాడిలో మానవత్వం మేల్కొనడానికి అణగినవాడు తన మంచితనాన్ని ప్రాణమిచ్చి నిరూపించుకోవలసి వచ్చింది. కంచె ఈశ్వర్ మనసు మారితే తొలగింది. ఊళ్ళో కింది కులాల వారు తమ హక్కుగా అడిగితే తొలగలేదు. ఈ కోణంలో చూస్తే చిత్రం కులాన్ని ఒక వ్యక్తి ద్వేషంగా చూసిందే తప్ప, భూమి, అధికారం, పెళ్ళి సంబంధాలతో అల్లుకున్న వ్యవస్థగా పూర్తిగా చూడలేదని వాదించవచ్చు. నాజీ జర్మనీలో కూడా ద్వేషం ఒక్క మనిషి మనసులో లేదు. చట్టంలో, కార్యాలయంలో, రైలు పెట్టెలో ఉంది. పోలికను చివరిదాకా లాగితే ఊరి కంచె కూడా మనసులోనే కాక దస్తావేజుల్లో, బావి గట్టు మీద, గుడి వాకిట్లో కనిపించాలి.

దీనికి ఎదురు వాదం కూడా ఉంది. 1944 నాటి ఒక పల్లెలో మార్పు ఎక్కడో ఒక మనిషిలో మొదలు కావాలి కదా? హరిబాబు ఇటలీలో కాపాడినది ఈశ్వర్‌ను ఒక్కడినే కాదు. భాష తెలియని, కులం తెలియని పరాయివాళ్ళను. అది ఈశ్వర్ మెప్పు కోసం చేసిన పని కాదు. తన ఊరిలో తనకు దక్కని గౌరవాన్ని, తాను మరొక ఊరి మనుషులకు ఇచ్చాడు. అలా చూస్తే అతని మరణం నిరూపణ కాదు, నిర్ణయం. 9.2లో చెప్పిన నాలుగవ లక్షణం ఇక్కడ నిండుగా ఉంది.

రెండు వాదాలలో ఏది సరైనదో ఈ భాగం తేల్చి చెప్పదు. పరీక్షలో మీరు ఏ పక్షాన రాసినా ఫరవాలేదు. సన్నివేశం చూపి, కారణం చెప్పి రాయాలి. కులాంతర వివాహం చేసుకున్న పిల్లలను కన్నవారే చంపించిన వార్తలు ఈనాటికీ తెలుగు పత్రికల్లో వస్తున్నాయి. కనుక ఇది మార్కుల కోసం మాత్రమే వేసుకునే ప్రశ్న కాదు.

9.7 పోలిక : ‘సీతారామం’ (2022)

2022 ఆగస్టు 5న విడుదలైన ‘సీతారామం’ ఇదే ప్రక్రియకు చెందిన మరొక తెలుగు చిత్రం. దర్శకుడు హను రాఘవపూడి. దుల్కర్ సల్మాన్, మృణాల్ ఠాకూర్, రష్మిక మందన్న ముఖ్య పాత్రధారులు. సంగీతం విశాల్ చంద్రశేఖర్. 1964 ప్రాంతంలో కశ్మీర్‌లో ఉన్న లెఫ్టినెంట్ రామ్ అనే అనాథ సైనికుడికీ, అతనికి భార్యనంటూ ఉత్తరాలు రాసిన సీతామహాలక్ష్మికీ మధ్య ప్రేమ ఒక పాయ. అతను రాసిన ఒక ఉత్తరాన్ని ఆమెకు చేర్చడానికి 1985లో అఫ్రీన్ అనే పాకిస్తానీ యువతి చేసే ప్రయాణం రెండవ పాయ.

విమర్శకులు నాయికానాయకుల జోడీని, దృశ్య సౌందర్యాన్ని, సంగీతాన్ని, ఉత్తరాల నాటి నింపాది ప్రేమను మెచ్చుకున్నారు. నిడివి ఎక్కువన్నవారు, కశ్మీర్ రాజకీయాలను తేలికగా చూపారన్నవారు కూడా ఉన్నారు. రెండు చిత్రాలనూ పక్కన పెడితే మూడు విషయాలు తోస్తాయి.

(అ) రెండింటిలోనూ నాయిక పేరు సీతే. ఎడబాటు అనగానే తెలుగు కథకుడి మనసు రామాయణం వైపు నడుస్తుంది. ‘సీతారామం’లో సీతగా పిలవబడిన యువతి నిజానికి నూర్జహాన్ అనే రాకుమారి అని తెలిసినప్పుడు, ఆ పేరే మతాల మధ్య కంచెను దాటించే సాధనమవుతుంది.

(ఆ) రెండింటిలోనూ ఉత్తరం ఆలస్యంగా చదవబడుతుంది. ‘కంచె’లో రాసినవాడు రాసే నాటికే చదవవలసిన ఆమె లేదు. ‘సీతారామం’లో చదివే నాటికి రాసినవాడు లేడు. మొదటిదానిలో ఉత్తరం శత్రువు చేతికి వెళ్ళి అతన్ని మారుస్తుంది. రెండవదానిలో శత్రుదేశపు యువతి చేతిమీదుగా వెళ్ళి, మోస్తున్న ఆమెనే మారుస్తుంది.

(ఇ) రెండింటిలోనూ ప్రేమికులకంటే, ఆ ప్రేమకు ఆలస్యంగా సాక్షి అయిన మూడవ వ్యక్తిలోనే మార్పు వస్తుంది. ఆ మూడవ వ్యక్తి స్థానంలో కూర్చున్నవాడు ప్రేక్షకుడు. ఈ ప్రక్రియ పనిచేసే తీరు అదే.

9.8 సారాంశం

యుద్ధకాలపు ప్రేమకథలో ఎడబాటు, ఉత్తరం, రెండు కాలాల కథనం, పరుల కోసం త్యాగం ముఖ్య లక్షణాలు. ‘కంచె’ ఊరి కులభేదాన్నీ, నాజీల జాతిభేదాన్నీ పక్కపక్కన నిలబెట్టి చూపింది. విమర్శకులు విషయ ఎంపికను, ఛాయాగ్రహణాన్ని, సంభాషణలను, నటనను మెచ్చుకుని, నెమ్మది నడకను, అతుకుల కథనాన్ని ఎత్తిచూపారు. చిత్రానికి ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ పురస్కారం దక్కింది. సమీక్ష “చూడవచ్చా?” అన్న ప్రశ్నకు జవాబిస్తే, విమర్శ “కంచె ఎవరి త్యాగంతో తొలగింది?” వంటి ప్రశ్నలను లేవనెత్తుతుంది.

9.9 కీలక పదాలు

సమీక్ష : చిత్రం విడుదలైన వెంటనే ప్రేక్షకుడికి దారి చూపే చిన్న పరిచయం, అంచనా.
విమర్శ : చిత్రం అర్థాన్నీ, నిర్మాణాన్నీ కారణాలతో పరిశీలించే రచన.
ఇతివృత్తం : కథలోని ముఖ్య సంఘటనల అల్లిక.
సమాంతర కథనం : రెండు కాలాలను లేదా స్థలాలను ఒకదాని పక్కన ఒకటి నడిపే పద్ధతి.
ఛాయాగ్రహణం : కెమెరాతో దృశ్యాన్ని పట్టే కళ.

9.10 మీ ప్రగతిని సరిచూసుకోండి

1. ‘కంచె’లోని రెండు పాయలు ఏ కాలాలలో, ఏ స్థలాలలో నడుస్తాయి?
2. “వినోదం తక్కువ” అన్న మాట ఏ రకమైన అభిప్రాయం?
3. ‘కంచె’, ‘సీతారామం’ చిత్రాలలో ఉత్తరం పాత్రలో ఉన్న తేడా ఏమిటి?

మాదిరి సమాధానాలు
1. 1930లలో మద్రాసు, దేవరకొండ, 1944లో ఇటలీ.
2. మార్కెట్టు గురించిన అంచనా; నిర్మాణం గురించిన విమర్శ కాదు.
3. మొదటిదానిలో చదవవలసిన ఆమె లేదు. రెండవదానిలో రాసినవాడు లేడు.

9.11 మాదిరి పరీక్షా ప్రశ్నలు

I. ఈ కింది ప్రశ్నలకు 30 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. ‘కంచె’ చిత్రానికి యుద్ధ నేపథ్యం అవసరమేనా? సోదాహరణంగా చర్చించండి.
2. ‘కంచె’ ముగింపు కులసమస్యకు పరిష్కారం చూపిందా? మీ అభిప్రాయాన్ని కారణాలతో రాయండి.

II. ఈ కింది ప్రశ్నలకు 10 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. సమీక్షకూ, విమర్శకూ తేడాలు తెలపండి.
2. యుద్ధకాలపు ప్రేమకథా చిత్రాల లక్షణాలను పేర్కొనండి.

III. అభ్యాసం
మీరు ఈ మధ్య చూసిన ఒక ప్రేమకథా చిత్రాన్ని తీసుకోండి. దాని గురించి వచ్చిన రెండు సమీక్షలు చదివి, అందులో నిర్మాణం గురించిన వాక్యాలను ఒక వరుసలో, మార్కెట్టు గురించిన వాక్యాలను మరొక వరుసలో రాయండి. ఏ వరుస పొడవుగా ఉందో చూసి, ఆ తరువాత మీ సొంత అభిప్రాయాన్ని పది వాక్యాలలో రాయండి.